మోకాళ్ల చుక్కలు

భూలక్ష్మి పక్కన కూర్చుంటే ఆమె గుండె చప్పుడు బయటికి వినిపించేది. చేతి గడియారం చెవి దగ్గర పెట్టుకున్నట్టు టిక్కు టిక్కుమని, సన్నగా, ఎడతెగకుండా. చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి గుండెలో ఒక కవాటం పాడైంది. ముప్పై ఏళ్ల వయసులో దాన్ని తీసేసి లోహపు కవాటం పెట్టారు. ఆమె హన్మకొండ నుంచి ములుగు వెళ్లే బస్సులో కండక్టరు. కరెంటు బస్సులు వచ్చాక ఇంజను మోత పోయింది. దాంతో ఆ టిక్కుటిక్కు మూడో వరస సీట్ల దాకా వినబడేది. ఎవరైనా కొత్తవాళ్లు "ఏందమ్మా ఆ సప్పుడు?" అని అడిగితే, "నా గుండె. ఇనుపది. నాతోని చిల్లర పంచాయితీ పెట్టుకోకుండ్రి," అని నవ్వుతూ టికెట్ మిషన్ నొక్కేది.

రక్తానికి లోహం పడదు. తగిలిన చోటల్లా గడ్డ కట్టాలని చూస్తుంది. ఆ గడ్డ ఊడి మెదడుకు పోయిందంటే మనిషి కాలో చెయ్యో మాటో పోతుంది. అందుకని లోహపు కవాటం పెట్టుకున్నవాళ్లు బతికినన్నాళ్లూ రక్తం పలచబడే గోలీ వేసుకోవాలి. ఆ గోలీతో కాపురం చేయడం మహా కష్టం. రెండు రోజులు వరసగా పాలకూర తింటే మందు పని తగ్గుతుంది. జ్వరానికి ఇంకేదో గోలీ వేస్తే మందు పని హెచ్చి చిగుళ్లలోంచి రక్తం కారుతుంది. నెలనెలా పెద్దాసుపత్రికి పోయి, వరసలో నిలబడి, రక్తం ఇచ్చి, ఈ నెల అంకె ఎంతో చూపించుకోవాలి. రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలి అది. తగ్గితే గడ్డ. పెరిగితే రక్తస్రావం.

ఆ వరసల్లో అక్కతో పాటు నిలబడేది చెల్లెలు స్వరాజ్యం, అప్పుడు డాక్టరు చదువు చదువుతూ. అక్క కన్నా ఎనిమిదేళ్లు చిన్న. ఎన్నడో ఎర్రజెండా పట్టుకు తిరిగిన తాత పెట్టిన పేరు అది. వరసలో ముందున్న ముసలామె ఏటూరునాగారం అవతల నుంచి రెండు బస్సులు మారి వచ్చి, మిషన్ చెడిపోయిందంటే ఏడుస్తూ వెనక్కి పోవడం చూసింది ఒకసారి. ఇరవై ఏళ్ల తర్వాత స్వరాజ్యం చేసిన పనికి మొదలు అక్కడే.

ఆమె, ఆమె జట్టు కలిసి చేసినదాన్ని కాగితాల మీద ఏదో పొడుగాటి పేరుతో పిలిచేవారు. మనుషులు మాత్రం 'గింజ' అన్నారు. చింతగింజంత ఉంటుంది. కాలర్ ఎముక కింద చర్మాన్ని కొద్దిగా కోసి లోపల పెడతారు. ఏడాదికి సరిపడా మందు అందులోనే ఉంటుంది. గంటకోసారి రక్తాన్ని తాకి చూస్తుంది, ఎంత కావాలో అంత వదులుతుంది. ఆసుపత్రికి పోనక్కరలేదు, వరసలో నిలబడనక్కరలేదు. వరంగల్లు, ములుగు, పరకాల, నర్సంపేట చుట్టుపక్కల భూలక్ష్మితో సహా ఏడువందల నలభై మందికి పెట్టి మూడేళ్లయింది. అంతకుముందు అంతమందిలో ఏడాదికి తొమ్మిదిమందో పదిమందో పోయేవారు. ఈ మూడేళ్లలో గడ్డ వల్ల గానీ రక్తస్రావం వల్ల గానీ ఒక్కరూ పోలేదు.

అంతకు ముందు, చిన్న ప్రయోగంలో, ఒకరు పోయారు. తొర్రూరు టైలరు యాకూబ్. రక్తాన్ని చూసే పొర మూసుకుపోయి, గింజ లోపల మందు చాలడం లేదనుకుని పెంచుకుంటూ పోయింది. తలలో రక్తం చిమ్మి మూడు రోజులు బతికాడు. ఆ మూడు రోజులూ స్వరాజ్యం అతని మంచం దగ్గరే కూర్చుంది. తర్వాత ఆమె గింజకు ఒక తాళం వేసింది. మందు ఎంత తగ్గించాలన్నా గింజ ఇష్టం. పెంచాలంటే మాత్రం రోజుకు ఇరవయ్యో వంతు కన్నా ఎక్కువ పెంచకూడదు. ల్యాబులో అందరూ దాన్ని 'మేడమ్ తాళం' అనేవారు.

చైత్రమాసం ఎండల్లో, ఒక మంగళవారం పొద్దున, నర్సంపేట నుంచి సారయ్యను తీసుకొచ్చారు. అరవై ఏళ్ల కుమ్మరి. నిన్నటి నుంచి చిగుళ్లు కారుతూనే ఉన్నాయి, వాంతిలో కూడా రక్తం. చేతుల నిండా నల్లటి మచ్చలు. అంకె ఎనిమిది దాటింది. మళ్లీ యాకూబే అనుకుంది స్వరాజ్యం. గింజలు పంపే రాతలన్నీ చూసే నస్రీన్‌ను పిలిచి, "ఎంత మందు వదులుతోంది?" అని అడిగింది.

నస్రీన్ తెర మీంచి తల తిప్పకుండా, "సున్నా మేడమ్," అంది.

"సున్నా ఏమిటి?"

"పదకొండు రోజుల నుంచి సున్నా. గింజ బంద్ అయి కూసున్నది. అయినా రక్తం పలచనైతనే ఉన్నది."

రక్తం ఆగే ఇంజక్షన్లు ఇచ్చి, సాయంత్రానికి సారయ్య కాస్త తేరుకున్నాక స్వరాజ్యం అతని మంచం పక్కన నిలబడి అడిగింది. ఏమైనా పసరు తాగావా? కషాయమా? నాటుమందా? ప్రతి ప్రశ్నకూ అతను కళ్లు దించుకుని "లేదు మేడమ్" అన్నాడు. ఆమె గొంతు పెరిగింది. "నువ్వు నిజం చెప్పకపోతే నిన్ను ఎట్లా బతికించాలి?" అంది. అతను ఇంకా ముడుచుకున్నాడు. ఆమె విసుగ్గా వెళ్లిపోయింది.

గంట తర్వాత నస్రీన్ ఒక గోధుమరంగు సీసా పట్టుకుని వచ్చింది. మీద పేరు లేదు, చీటీ లేదు. మూత తీస్తే శొంఠి, వెల్లుల్లి, ఇంకేదో చేదు వేరు కలిసిన ఘాటు.

"సారె ముందు కూసుంటె మోకాళ్లు లేస్తలేవట. ఊళ్లె అందరు వాడుతున్నరట. పొద్దుగాల ఇరవై చుక్కలు, మాపటికి ఇరవై చుక్కలు. మోకాళ్ల చుక్కలు అంటరట మేడమ్."

"నీకెట్లా చెప్పాడు?"

"ఏం లేదు. మా అమ్మకు కూడ మోకాళ్లు నొస్తయి, ఏం వాడాలె తాతా అని అడిగిన," అంది నస్రీన్.

ఆ చుక్కల్ని పరీక్షించడానికి రెండు రోజులు పట్టింది. వేర్లను దంచి కాచిన మామూలు కషాయం కాదది. ఎవరో వాటి సారాన్ని సారా బట్టీలో తీసినట్టు లాగి, చిక్కబరిచి, సీసాల్లో నింపుతున్నారు. కూరలో వేసుకుంటే ఏమీ కాని వస్తువులే. ఇరవై చుక్కల్లో మూడు నెలల కూర ఉంది. అందులో కొంత, రక్తం పలచబడే మందును ఒంట్లో విరగనివ్వదు. కొంత తనే రక్తాన్ని పలచన చేస్తుంది. మోకాళ్ల నొప్పి తగ్గే మాట కూడా నిజమే.

నస్రీన్ ఏడువందల నలభై గింజల రాతలూ తిరగేసింది. పేర్లు ఉండవు, నంబర్లే. అరవై ఒక్క నంబర్లలో మందు గత ఏడాదీ ఏడాదిన్నరగా పడిపోతూ, మామూలులో మూడో వంతుకు వచ్చి నిలబడి ఉంది. అంకె మాత్రం అందరికీ చక్కగా మూడు.

"ఇన్నాళ్లూ మనం చూసింది అంకెనే," అంది స్వరాజ్యం మెల్లగా.

"గింజకు చుక్కలని తెల్వదు గద మేడమ్. ఆ మనిషి రక్తమే అంత అనుకున్నది. దానికి తగ్గట్టే సదురుకున్నది."

డైరెక్టర్ పరాంకుశం గదిలో ముగ్గురూ కూర్చున్నారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఈ గింజ కోసం తన చేతికింద పదేళ్లు ఈ జట్టును కాపాడుకుంటూ వచ్చినవాడు. అంతా విని, "వచ్చే నెల నాలుగో తేదీన కమిటీ ఉంది. అక్కడ పెడదాం," అన్నాడు.

"అప్పటిదాకా ఇంకో ఇద్దరు సారయ్యలు వస్తే?" అంది స్వరాజ్యం. "ఈరోజే అందరికీ ఫోన్ చేసి ఆపించాలి సార్."

నస్రీన్ తను తెచ్చుకున్న కాగితం వైపు చూసింది. "మేడమ్, ఒక్కసారే ఆపితే కష్టం. చుక్కలు పోతే రక్తం చిక్కనైతది. గింజ మందు పెంచాలె. కానీ తాళం ఉన్నది గదా. మూడో వంతు నుంచి మామూలు దాకా పోవాలంటే ఇరవై మూడు రోజులు పడ్తది. అన్ని రోజులు గడ్డకు అడ్డం ఏముండదు. ఆ అరవై ఒక్కమందిని పిలిచి, రక్తం పలచనయ్యే ఇంజక్షన్లు ఇచ్చుకుంట మెల్లగ మాన్పియ్యాలె. నాకు రెండు దినాలు టైమియ్యండి, నంబర్లకు పేర్లు తీస్త."

"పేర్లు తీయడానికి కమిటీ అనుమతి కావాలి," అన్నాడు పరాంకుశం. "తాళం మార్చడానికి కూడా."

"తాళం ముట్టుకోవద్దు," అంది స్వరాజ్యం వెంటనే.

ఆ మాట అంత గట్టిగా ఎందుకు వచ్చిందో ముగ్గురికీ తెలుసు. యాకూబ్ చెవిలోంచి కారిన రక్తం ఆమె కళ్ల ముందునుంచి ఎప్పుడూ పోలేదు. గడ్డ కట్టడం ఆమెకు పుస్తకంలో లెక్క. పాత రోజుల్లో మందు నెలరోజులు మానేసిన వందమందిలో ఒకరికో ఇద్దరికో గడ్డ కట్టేది. రక్తస్రావం అయితే తన చేతుల్లో చచ్చిపోయిన మనిషి. ఆ రెండింటినీ తూచేటప్పుడు ఏ తట్టలో తన చెయ్యి ఆని ఉందో ఆమె చూసుకోలేదు.

సాయంత్రం ఆరుకల్లా ఏడువందల నలభై ఫోన్లకు ఆమె గొంతు చేరింది. "నేను డాక్టర్ స్వరాజ్యాన్ని మాట్లాడుతున్నాను. గింజ పెట్టుకున్నవాళ్లు ఎవరైనా మోకాళ్ల చుక్కలు గానీ, ఏ పసరు మందు గానీ వాడుతూ ఉంటే ఈ క్షణం నుంచే ఆపేయండి. మీ ప్రాణానికి ప్రమాదం." చివర్లో, వాడుతున్నవాళ్లు ఆసుపత్రికి వచ్చి చెప్పమని కూడా అంది. ఎవరూ రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం అక్క ఇంట్లో భోజనం. భూలక్ష్మి మొగుడు ఓదెలు ఆటోలకు బ్యాటరీలు బాగుచేస్తాడు. ఎక్కువ మాట్లాడడు. ఆ రోజు మరీ మాట్లాడలేదు. భూలక్ష్మి పొయ్యి దగ్గరి నుంచి లేవడానికి గోడ పట్టుకుంది. అన్నం వడ్డిస్తూ మోకాలి మీద చెయ్యి వేసుకుని ఒక్క క్షణం ఆగింది.

"ఏమైందక్కా?"

"ఏమైతది? ఇరవై ఏండ్ల సంది బస్సుల నిలవడ్డ కాళ్లు. అరుగయా మరి." చారు పోసి, గరిటె పట్టుకుని అక్కడే నిలబడింది. "రాజ్యం, మొన్న ఫోన్ల మాట్లాడింది నువ్వేనా?"

"నేనే."

"మంచిగ చెప్పినవ్. మా డిపోల అందరు ఇన్నరు." చారు గిన్నె మీద మూత పెడుతూ, "గట్ల తాగెటోళ్లు ఉంటె, ఒక్కపారే ఆపితె ఏం గాదా?"

స్వరాజ్యం అప్పుడు ఫోన్‌లో నస్రీన్ పంపిన కాగితం చూస్తోంది. ఇరవై మూడు రోజుల మెట్లు, ఒక్కో మెట్టూ గీతలు గీసి. దాన్ని పక్కన పెట్టి ముద్ద కలుపుతూ, తల ఎత్తకుండానే, "ఏం గాదు. ఆపకుంటేనే అయితది," అంది. ఆసుపత్రిలో రోగులకు చెప్పినట్టే చెప్పింది. ఇది అంటే అది, అది అంటే ఇది చెప్పి జనాన్ని గందరగోళపెడితే ఎవరూ ఏదీ వినరని ఆమె అనుభవం.

ఓదెలు ఒక్కసారి భార్య వైపు చూశాడు. భూలక్ష్మి అతన్ని చూడకుండా, "ఇంకొంచెం అన్నం పెట్టుకో," అంది చెల్లెలితో.

మంగళవారం పదకొండు గంటల ట్రిప్పు. మల్లంపల్లి స్టాపులో బస్సు ఆగింది. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. బస్సు కదలలేదు. కండక్టరమ్మ ఏమీ అనడం లేదేమని డ్రైవరు అద్దంలో చూశాడు. భూలక్ష్మి టికెట్ మిషన్‌ను కుడిచేత్తో పట్టుకోవాలని చూస్తోంది. అది మాటిమాటికీ జారుతోంది. మూడోసారి జారాక ఆమె కూడా దాని వెంటే జారిపోయింది. నోరు ఒక పక్కకు పోయింది. ముందు సీట్లో ఉన్న ఆడవాళ్లు ఒళ్లో పడుకోబెట్టుకుని, బస్సును దారిలో ఎక్కడా ఆపకుండా హన్మకొండకు తిప్పించారు.

స్వరాజ్యం వెళ్లేసరికి స్కానింగ్ అయిపోయింది. మెదడు ఎడమ పక్కన, మాటలు పుట్టే చోట, గోరంత గడ్డ. కవాటం మీది నుంచి ఊడి వచ్చింది. అంకె ఒకటిన్నర.

"ఒకటిన్నర ఎట్లా ఉంటుంది? గింజ ఉంది కదా!" అని ఆమె అక్కడున్న డాక్టరు మీద అరిచింది. అరుస్తూనే, నోట్లోంచి మాట బయటపడుతుండగానే, ఆమెకు అర్థమైంది. నడవాలో గోడకు ఆనుకుని గొంతుక్కూర్చుని ఉన్న ఓదెలు దగ్గరకు వెళ్లింది.

"బావా, అక్క చుక్కలు వాడిందా?"

"ఏడాదిన్నర."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తె ఏం జేస్తుంటివి? దగ్గుకని కషాయం తాగి ముక్కుల రక్తమొచ్చిన్నాడు ఏమన్నవ్? వార్డు వార్డంత ఇంటుండంగ, గడ్డి గాదం మేసెదానివి నాకు అక్కవెట్లయితవ్ అన్నవ్. యాదికుందా? ఇంటికొచ్చి రెండు దినాలు అన్నం తినలే మీ అక్క." అతని గొంతులో కోపం కూడా లేదు. "నీ గొంతు ఫోన్ల ఇనంగనే సీసల ఉన్నదంత మోరిల పోసింది. చెల్లె చెప్పింది, తప్పు చేస్తున్న అన్నది. ఆసుపత్రికి పోయి చెప్పుదామే అంటె సిగ్గన్నది. అయినా మనసాగక నిన్ను ఇంట్ల అడిగింది. నా ముందటనే అడిగింది."

నస్రీన్ వచ్చి భూలక్ష్మి గింజ నంబరు తీసి చూపించింది. రెండువందల పన్నెండు. చుక్కలు మోరీలో పోసిన రోజు నుంచి గింజ రోజుకో మెట్టు ఎక్కుతోంది. ఇరవయ్యో వంతు, ఇరవయ్యో వంతు. తాళం చెప్పినంతే, ఒక్క పిసరు ఎక్కువ కాకుండా. ఐదో మెట్టు మీద ఉంది.

ఆ నెలలో ఇంకో ముగ్గురికి గడ్డ కట్టింది. వాళ్లలో ఇద్దరు పోయారు. చుక్కలు వాడిన మిగిలిన వాళ్లను నస్రీన్ అనుమతుల కోసం ఆగకుండా, నంబర్లకు పేర్లు తీసి, ఒక్కొక్కరి ఇంటికీ తిరిగి పట్టుకొచ్చి ఇంజక్షన్లు ఇప్పించింది. ఆమె చేసింది నిబంధనలకు విరుద్ధమని తర్వాత సంజాయిషీ అడిగారు. ఇచ్చింది.

భూలక్ష్మికి కాలు కొంత వచ్చింది. చెయ్యి రాలేదు. మాట పోయి, ఒక్క మాట మిగిలింది. కండక్టర్లు బస్సు కదలమని అనే 'రైట్'. దాహమైనా రైటే, నొప్పయినా రైటే, ఓదెలు దువ్వెన పట్టుకుని జడ వంకరగా వేస్తే కూడా రైటే. ఎదుటి మనిషి చెప్పింది అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్నది మాత్రం దారిలో ఎక్కడో మారిపోయి ఆ ఒక్క మాటై బయటికి వస్తుంది. అది తప్పని ఆమెకూ తెలుస్తుంది. అప్పుడు కళ్ల నీళ్లు పెట్టుకుంటుంది.

ఒకరోజు ఓదెలు షాపుకు పోయాక స్వరాజ్యం అక్క పక్కన కూర్చుని మొత్తం చెప్పింది. తాళం సంగతి, ఇరవై మూడు రోజుల సంగతి, అన్నం తింటున్నప్పుడు ఆ కాగితం తన చేతిలోనే ఉన్న సంగతి. "నువ్వు అడిగినవక్కా. నాకు తెలుసు. తెలిసి కూడా ఏం గాదన్న." గదిలో టిక్కుటిక్కు తప్ప ఏమీ లేదు. భూలక్ష్మి ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. పెదవులు కదిపింది, ఆపింది, మళ్లీ కదిపింది. "రైట్," అంది. తర్వాత గోడ వైపు తిరిగింది. అలసిపోయి తిరిగిందో, ఇక చాలు పొమ్మని తిరిగిందో చెప్పగలిగిన మనిషి ఇక ఆమె లోపలే ఉండిపోయింది.

నివేదిక రాయాల్సింది స్వరాజ్యమే. పరాంకుశం అంతకుముందే ఒకటి రాయించి పెట్టాడు. రోగులు నియమాలకు విరుద్ధంగా, వైద్యుల దగ్గర దాచి, నాటు మందులు వాడినందువల్ల ఈ నాలుగు సంఘటనలు జరిగాయి. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

"సంతకం పెట్టండి," అన్నాడాయన. "మీ అక్కగారి సంగతి నాకు తెలియదనుకోకండి. తప్పు గింజది అని రాస్తే గింజ పోతుంది. ఏడువందల మంది మళ్లీ గోలీలకూ వరసలకూ పోతారు. ఏడాదికి తొమ్మిదిమందో పదిమందో పోతారు, మీకూ తెలుసు. తప్పు వాళ్లది అని రాస్తే గింజ బతుకుతుంది. పోయినవాళ్లకు కొత్తగా పోయేదేముంది?"

"మా అక్క నా మాట వినలేదని రాయాలా సార్?" అంది స్వరాజ్యం. "విన్నది. వినబట్టే పడిపోయింది."

రెండు రోజులు ఆలోచించి తనే ఒకటి రాసింది. ముప్పు తెలిసీ ఒక్కసారిగా ఆపమన్నది నేను. తాళం వేసింది నేను, తీయొద్దన్నది నేను. జాగ్రత్త చెప్పిన సహోద్యోగి మాట వినలేదు. శిక్షించాల్సింది నన్ను, గింజను కాదు, తాళం ఒక్కటి మారిస్తే చాలు. అలా రాస్తే గింజా మిగులుతుంది, నిజమూ మిగులుతుందని ఆమె ఆశ. కమిటీ అట్లా చూడలేదు. తన చుట్టూ ఉన్న మనిషి ఏం తింటున్నాడో, ఏం తాగుతున్నాడో తెలియని పరికరాన్ని మనిషి ఒంట్లో ఉంచలేమన్నారు. ప్రయోగం ఆపేసి, మూడు నెలల్లో అందరికీ గింజలు తీసేయమన్నారు. స్వరాజ్యాన్ని పరిశోధన నుంచి తప్పించారు.

భూలక్ష్మి గింజ తీసిన రోజు, నడవాలో ఓదెలు అన్నాడు. "నిజం రాసినవంట గద."

"రాసిన బావా."

"మంచిదే," అన్నాడు. "దాంతోని మీ అక్కకు మాటైతే రాలే," అన్నాడు. అనేసి, నొచ్చుకున్నట్టు ఆమె చేతిలోని సంచి అందుకుని ముందు నడిచాడు.

పరాంకుశం లెక్క తప్పలేదు. ఆ ఏడాది గోలీలకు తిరిగి వెళ్లినవాళ్లలో పదకొండుమంది పోయారు. వానలకు రోడ్డు తెగి, రెండు నెలలు ఆసుపత్రికి రాలేక, సారయ్య కూడా పోయాడు. ఆయన సారె పక్కన సగం అయిన కుండ ఉందని నస్రీన్ చెప్పింది. ఆమె వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుని వెళ్లేముందు, ఆ పదకొండు పేర్లనూ ఒక కాగితం మీద రాసి స్వరాజ్యం చేతిలో పెట్టింది. దెప్పడానికి కాదు. ఎవరో ఒకరి దగ్గర ఉండాలి కదా అంది.

స్వరాజ్యం ఇప్పుడు ఊళ్లు తిరుగుతోంది. సంచిలో వేలి నుంచి ఒక్క బొట్టు తీసి అంకె చెప్పే చిన్న మిషన్, కార్డులు, గోలీలు. ఆసుపత్రి వరసకు రాలేనివాళ్ల ఇళ్లకు తనే వెళుతుంది. వారానికి నలభై ఇళ్లు కూడా పూర్తికావు.

పరకాల అవతల ఒక ఊళ్లో కొమురవ్వ ఇంటికి వెళ్లింది మొన్న. యాభై ఐదేళ్లు ఉంటాయి. అరుగు మీద కూర్చుని పత్తిలో గింజలు ఏరుతోంది. ఇనుప గుండె సన్నగా కొట్టుకుంటోంది. వేలు పొడిచి బొట్టు తీస్తే అంకె ఐదు చూపించింది. మోచేతి కింద, జామకాయంత, కమిలిన మచ్చ.

"ఏమన్న తాగుతున్నవా అవ్వా? కషాయం, చుక్కలు, ఏదైనా?"

"ఏం తాగుతలే మేడమ్."

"నేను కోపం చెయ్య. చెప్తే గోలీ దానికి తగ్గట్టు రాస్త. తాగొద్దని కూడ అన."

"నిజంగనే ఏం తాగుతలే."

స్వరాజ్యం మిషన్ పక్కన పెట్టింది. మొట్టమొదటిసారి, అక్క గురించి పరాయి మనిషికి చెప్పింది. పేర్లు దాచలేదు, తనను దాచుకోలేదు. నేనే ఆపమన్న, నన్ను అడిగితే ఏం గాదన్న, ఇప్పుడు మా అక్కకు మాట లేదు అంది. కొమురవ్వ పత్తి ఏరడం ఆపి, నోటి మీద చెయ్యి పెట్టుకుని విన్నది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయ్యో. తోడబుట్టిందేనా?"

"తోడబుట్టిందే."

"ఎంత పాపమాయె బిడ్డా," అంది కొమురవ్వ. కొంగు తీసి కళ్లు తుడుచుకుని, అదే కొంగును చేతి మీదికి, మచ్చ కనబడకుండా, మెల్లగా లాక్కుంది. "నేనైతే ఏం తాగుతలే."

ఇంట్లోంచి వెల్లుల్లి, చేదు వేరు కలిసిన ఘాటు వస్తూనే ఉంది. గోలీ సగానికి తగ్గించి రాస్తే, ఈమె భయపడి రేపే చుక్కలు పారబోస్తే, గడ్డ. తగ్గించకుండా రాస్తే, చుక్కలు తాగుతూనే ఉంటే, రక్తం. స్వరాజ్యం కార్డు మోకాలి మీద పెట్టుకుని, కలం పట్టుకుని కూర్చుంది. కొమురవ్వ ఆమె రాసేదాకా మర్యాదగా ఎదురుచూస్తోంది.

చివరికి ముప్పావు గోలీ అని రాసింది. నాలుగు రోజుల్లో మళ్లీ వస్తానని చెప్పి లేచింది.

"ఎందుకు మేడమ్, అంత దూరం కెల్లి," అంది కొమురవ్వ, సాగనంపడానికి లేస్తూ. లేవడానికి గోడ పట్టుకుంది. "నాకేమైంది? నేను మంచిగనే ఉన్న."